ఉప్పుచేపల కొట్లో ఏడుపు

ఆ ఉప్పుచేపల కొట్టా? ఇప్పుడెక్కడుందీ, ఎప్పుడో నీళ్లలో కలిసిపోయింది. అసలు ఈ కథ మా చెల్లి చెప్పాలి... మొన్న బుధవారమే దాన్ని మట్టిచేసొచ్చాం. ఇంక నేనే చెప్పాలి. మా నాయనమ్మ చెప్పగా విన్నది విన్నట్టు చెప్తా.

వాగు వెళ్లి చెసపీక్ అఖాతంలో కలిసే చోట ఉండేది ఆ కొట్టు. చీకటి పడితే అటు ఎవరూ పోయేవాళ్లు కాదు. మొగుణ్ని సముద్రానికిచ్చుకున్న ఆడదెవరో అందులో ఉరేసుకుందట. రాత్రిళ్లు ఏడుస్తుందట. తుపాకులు పట్టుకున్న సిపాయిలు కూడా దూరం నించే చుట్టు తిరిగిపోయేవాళ్లు.

పద్దెనిమిదొందల పద్నాలుగు, ఎండాకాలం. మన దేశానికి ఇంగ్లీషోళ్లతో యుద్ధం మూడో ఏట పడింది. హేగర్ అని, దొరగారింట్లో వంటమనిషి. బానిస. యుద్ధం ఎందుకొచ్చిందో ఆవిడకి భోజనాల బల్ల దగ్గరే తెలిసింది. దొర పేపరు చదివి బల్ల గుద్దేవాడు —

"మన ఓడలాపి, మన కళాసుల్ని పట్టుకుపోయి, కొరడా పెట్టి చాకిరీ చేయించుకుంటారా? మనిషిని మనిషి ఎత్తుకుపోవడం కన్నా ఘోరం ఇంకోటుందా!"

ఆయన వెనకాలే హేగర్, పీతల పులుసు గిన్నె పట్టుకుని.

ఆ ఇంగ్లీషోళ్లే నీళ్లన్నీ కమ్మేశారు. ఒడ్డున ఊళ్లు తగలబెట్టారు. తమ ఓడెక్కిన బానిస ఇంక బానిస కాదని చాటింపేశారు.

ఓ శనివారం అదే దొర, అదే బల్ల దగ్గర చెప్పాడు — హేగర్ కూతురు ఫిలిస్‌ని జార్జియా నించొచ్చిన బానిసల వర్తకుడికి అమ్మేశానని, పొద్దున్నే బండొస్తుందని. పిల్లకి తొమ్మిదేళ్లు.

ఆ రాత్రే పిల్ల చెయ్యి పట్టుకుని బయటపడింది, ఇంగ్లీషోళ్ల ఓడల వైపు పోదామని. రోడ్డంతా సిపాయిలు. మిగిలింది కొట్టు దారే.

"అమ్మా... అక్కడ ఆవిడుంటుంది."

"ఉంటే ఉండనీ. ఆవిడ నిన్ను అమ్మదు కదా."

వెన్నెల లేదు. మోకాల్లోతు బురద. కొట్టు దగ్గరపడుతుంటే వినిపించింది... సన్నగా, సాగదీస్తూ... ఆగి, మళ్లీ. పిల్ల గోళ్లు తల్లి చేతిలో దిగాయి. వెనకేమో సిపాయి లాంతరు ఇటే వస్తోంది. ముందేమో — అది. అంత ధైర్యం చెప్పిన హేగర్‌కీ అడుగు పడలేదు.

కాలికేదో తగిలింది. చల్లగా, గుండ్రంగా. వంగి తడిమింది.

ఇనప కుండ. గుమ్మంలో బోర్లించి ఉంది.

మాలో చిన్నపిల్లకి కూడా తెలుసు అదేంటో. దొరలకి తెలీకుండా దేవుణ్ని పాడుకునేటప్పుడు గుమ్మంలో కుండ బోర్లించేవాళ్లు — లోపలి మాటలు బయటికి పోకుండా అది మింగేస్తుందని.

దెయ్యానికి కుండెందుకు?

తలుపు తోసింది. గోడలకి అంటుకుపోయి తొమ్మిదిమంది. వెనక కిటికీ దగ్గర, నోటి చుట్టూ చేతులు దొప్పలా పెట్టుకుని — చేపలకి ఉప్పేసే జూబా ముసలాడు.

"నువ్వా తాతా!"

"నేను కాక మీ అత్తా? రెండేళ్ల నించీ ఏడుస్తున్నా, గొంతు పోయింది. నిజం దెయ్యమైతే ఎప్పుడో మానుకునేది."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఉష్... పడవ," అన్నాడు ముసలాడు.

తెడ్లకి గుడ్డలు చుట్టుకుని చప్పుడు లేకుండా వచ్చింది ఇంగ్లీషోళ్ల పడవ. ఒక్కొక్కరే ఎక్కారు. లాంతరు ఇంకా దగ్గరికొచ్చింది.

"ఎవడ్రా అక్కడ?"

"ఎక్కు తాతా," అంది హేగర్.

"నేనూ ఎక్కితే ఏడ్చేదెవరు? వాడు వచ్చేస్తాడు. పోండి."

ముసలాడు కిటికీ దగ్గరికెళ్లాడు. ఆ రాత్రి ఏడ్చినట్టు ఎప్పుడూ ఏడవలేదట. అది మాత్రం నటన కాదనేది మా నాయనమ్మ. ఆయన కూతురు కెజియా ఆ పడవలోనే ఉంది.

లాంతరు ఆగింది... వెనక్కి తిరిగింది.

తెల్లారేసరికి హేగర్ లేదు. ఫిలిస్ లేదు. కెజియా లేదు. ఇంకో ఎనిమిదిమంది లేరు.