ఎదురు కుర్చీలో అమ్మ

పొద్దున్నే వంటగదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా పడ్డాయంటే ఆ ఇంట్లో కౌన్సెలింగ్ మొదలైందని అర్థం. కూతురిది సైకాలజీ ఆఖరి సంవత్సరం. ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ల చేత కల్పించిన కష్టమొకటి చెప్పించి, ఆ రికార్డింగు లెక్చరర్‌కు వినిపించాలి. అయినవాళ్లను కూర్చోబెట్టకూడదన్నది నియమం. ఉత్తుత్తి కష్టాలే కదా, ఎవరైతేనేం అని తనకు తనే సర్దిచెప్పుకుని, కొన్ని వారాలుగా అమ్మ చేత కష్టాల్లో ఉన్న మనిషి వేషం కట్టిస్తోంది.

"చెప్పండి, ఈ వారం ఎలా గడిచింది?" అంది కూతురు, లేని పెద్దరికం తెచ్చుకుని.

అమ్మకు ఎప్పట్లాగే నవ్వాగలేదు. "కన్నతల్లిని పట్టుకుని అండీ ఏమిటే!"

"అబ్బా, వేషంలో ఉండమ్మా!"

అమ్మ ఒళ్లో ఉన్న చొక్కాకు గుండీ కుడుతూ మెల్లగా మొదలుపెట్టింది. "ఏముందండీ. లేస్తాను, వండుతాను, కడుగుతాను. మెలకువ రాగానే అయ్యో, ఇంకా ఉన్నానా అనిపిస్తుంది. తెల్లారకపోతే బాగుండు అనుకుంటూ పడుకుంటాను."

"ఈ మాట ఇంట్లో ఎవరితోనైనా అన్నారా?"

"వినే తీరిక ఎవరికుందండీ?"

"ఈరోజుకి ఇక్కడితో ఆపుదామండీ," అని కూతురు ఫోను ఆపేసి, అమ్మను వాటేసుకుంది. "అదరగొట్టావమ్మా! నువ్వు నాటకాల్లో చేరాల్సిందే."

అమ్మ నవ్వి, పొయ్యి వెలిగించింది.

నాన్న బస్సు డ్రైవరు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, "తల్లీకూతుళ్లు కబుర్లాడుకోడానికి ఇంత చదువా? రేపు ఉద్యోగం ఎవడిస్తాడు?" అన్నాడు.

"ఆసుపత్రిలో, బళ్లో, ఆఫీసుల్లో, ఆఖరికి జైల్లో కూడా మావాళ్లు కావాలి నాన్నా. మనుషులున్న చోటల్లా పనే."

"మనుషులున్న చోటల్లా బస్సు కూడా కావాలమ్మా. దానికి ఇంత హడావిడి లేదు," అంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం లెక్చరరమ్మ ఆ రికార్డింగు వింటూ వింటూ సగంలో ఆపేసింది.

"ఎవరీవిడ?"

"తెలిసినావిడే మేడమ్. బాగా నటించింది కదా?"

"నటించేవాళ్లు ఏడుపు తెచ్చుకుంటారు. ఈవిడ కూరగాయల ధర చెప్పినట్టు చెబుతోంది. నిజం చెప్పు, ఎవరు?"

"మా అమ్మ."

లెక్చరరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "వెంటనే డాక్టరుకు చూపించు. ఒంటరిగా వదలకండి. నువ్వు మాత్రం ఇక ఆ కుర్చీలో కూర్చోకు. అది నీ వల్ల అయ్యే పని కాదు," అంది.

కూతురు ఇంటికి బయల్దేరింది. అమ్మ గుండె విప్పి ముందు పెడుతుంటే తను చప్పట్లు కొట్టింది.

సాయంత్రం సంగతి విని నాన్న గయ్యిమన్నాడు. "మీ అమ్మకేం? నిక్షేపంగా ఉంది! నాలుగు ముక్కలు చదవగానే ఇంట్లోవాళ్లకు జబ్బులు అంటగడతావా?"

"నిక్షేపంగా ఉన్నానని అమ్మ చెప్పిందా నాన్నా, నువ్వనుకున్నావా?"

నాన్న భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే. అదంతా ఉత్తుత్తిదేనని చెప్పు."

అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "కల్పించి చెప్పమంది. నాకు కల్పించడం చేతకాలేదు. ఉన్నదే చెప్పాను."

"నాతో ఒక్క మాట అంటే వినేవాణ్ణి కాదా?"

"అన్నానండీ. మాత్ర వేసుకుని పడుకోమన్నారు."

నాన్న ఎదురు కుర్చీలో కూలబడ్డాడు. ఏమడగాలో ఆయనకు తెలియలేదు. ఇన్నేళ్ల కాపురంలో తెలుసుకోవాల్సిన అవసరమూ పడలేదు.

కూతురు అమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. "రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామమ్మా. ఆవిడ అడుగుతుంది, ఆవిడకు చెప్పు. నేను అలా కూర్చోకూడదట."

అమ్మ ముఖం పాలిపోయింది. "అంటే ఇకనుంచి నువ్వు కూడా అడగవా?"

కూతురు అమ్మ ఒళ్లో తలపెట్టి భోరుమంది. "అడుగుతానమ్మా. ఫోను లేకుండా, అండీ లేకుండా, నీ కూతురిలాగే అడుగుతాను."

అమ్మ ఆమె జుట్టు సవరిస్తూ అంది. "అడుగు. కానీ చివర్లో 'ఇక్కడితో ఆపుదాం' అంటావే, అది అనకు. అది విన్నాకే నేను వేషం వేసుకోవాల్సి వచ్చేది."