కాల్వ క్వార్టర్‌ల రెండో గొంతు

నడిగూడెం దాటి కాల్వ కట్ట పట్టుకొని కోదాడ దిక్కు వస్తుంటే, తుమ్మచెట్ల చాటున ఒక పాడువడ్డ క్వార్టర్ కనపడుతది. ఎన్కట కాల్వ తూములు సూసుకునే లష్కర్‌గ పనిచేసిన మంగయ్య ఉన్న ఇల్లు అది. ఆయన పెండ్లాం నీళ్లకని కాల్వల దిగి మళ్ల పైకి రాలేదని చెప్తరు. మంగయ్య ఇల్లు ఇడిసిపెట్టి ఎటో పోయిండు. తర్వాత ఆడ ఎవరూ కాపురం పెట్టలె. తలుపులు పోయినయి, కిటికీ రెక్కలు పోయినయి. పొద్దుగూకినంక ఆ దారిన పోయేటోళ్లు హారన్ కొట్టుకుంట బండి ఉరికిస్తరు. ఎందుకంటే... ఎవరూ చెప్పకపోయేటోళ్లు.

ఈ మధ్యనే చెప్పుడు మొదలువెట్టిన్రు. ఆ ఇంట్ల ఆడమనిషి పాడుతున్నదని.

పాడుతున్న మాట నిజమే. పాడిస్తున్నది నాగేందర్.

నాగేందర్‌కు కోదాడల మైక్ సెట్టు దుకాణం ఉంది. పెండ్లిళ్లకు, చర్చి పండుగలకు స్పీకర్లు కిరాయికిస్తడు. అది బువ్వ కోసం. పానం మాత్రం ఒక చిన్న నల్ల డబ్బా మీద. డ్యాక్ అంటరు దాన్ని. ఫోన్‌లనో కంప్యూటర్‌లనో అంకెలుగ దాచిపెట్టిన పాటను మళ్ల చెవికి ఇనపడే సప్పుడుగ మార్చేది. చేసినోడు అందుల అగ్గువ సామాను పెట్టిండని నాగేందర్ కోపం. అందుకే మూత ఇప్పి ఒక్కొక్కటే మార్చుకుంట వచ్చిండు. కరెంటు రొద రావద్దని అడాప్టర్ తీసేసి బ్యాటరీ పెట్టిండు. సప్పుడు పెంచే చిన్న ఐసీ పీకి దాని తావుల ఇంకా మంచిది గుచ్చిండు. మార్చినప్పుడల్లా పాటల ఇంకో పొర ఇప్పుకుంటదని ఆయన మాట.

ఇంటికాడ ఆ పొరలేం ఇనపడయి. ఇల్లు హైవే పక్కనే, పగలూ రాత్రీ లారీలే. అందుకే ఈ క్వార్టర్ దొరికిచ్చుకున్నడు. పొద్దుగూకంగ దుకాణం బంద్ చేసి వచ్చి, బండి తుమ్మల చాటున పెట్టి, లోపటి అర్రల రెండు స్పీకర్లు పెట్టుకొని చీకట్ల ఇంటడు. మనుషులు ఇటు రావద్దని గోపయ్య చాయ్ హోటల్ల ఆయనే ఒక మాట అంటిచ్చిండు... ఆ ఇంట్ల గజ్జెల సప్పుడు తన చెవులతోని ఇన్ననని. గోపయ్య దాన్ని వచ్చినోళ్లందరికీ చెప్పిండు. నాగేందర్ చాయ్ తాగుకుంట లోపల్లోపల నవ్వుకున్నడు.

ఆయన ఇనేది ఒక్కటే పాట. ముత్తమ్మ పాట.

ముత్తమ్మ నాట్లకు, పత్తి ఏరుటానికి పోయే మనిషి. ఆదివారం చర్చిల ఆమె గొంతెత్తితే ఏడ్చే పిల్లలు కూడ ఊకునేటోళ్లు. ఒకేడు క్రిస్మస్ ముంగట, తనే కట్టుకున్న పాటను మైకు ముంగట ఒక్కతే నిలవడి పాడింది. సెట్టు నాగేందర్‌దే. రికార్డు చేసిండు. ఇప్పుడు ఆ మనిషి లేదు, పాట ఉంది. ఏడ ఊపిరి తీస్కుంటదో, ఏడ గొంతు జర వణుకుతదో ఆయనకు తెలుసు. డబ్బాల ఏం మార్చినా ఆ పాటతోనే సూస్తడు.

డబ్బాల కొత్త కెపాసిటర్లు సోల్డరింగ్ చేసి తెచ్చిన సాయంత్రం సంగతి ఇది. పాట సగానికి వచ్చింది. నాగేందర్ కండ్లు మూసుకొని ఇంటున్నడు.

ముత్తమ్మ గొంతు కింద... ఇంకో గొంతు.

సన్నగ. జర ఎన్కకు. ఆమె అన్న మాటనే మళ్ల అనుకుంట.

ఒంటి మీద ఎంటికలు నిక్కవొడిచినయి... భయంతోని కాదు, సంతోషంతోని. ఇన్నేండ్ల నుంచి ఇంటున్న పాటల ఎన్నడూ దొరకని గొంతు! కెపాసిటర్లు ఎంత పనిచేసినయో అనుకున్నడు. ఆ రాత్రి నిద్ర పట్టలె.

తెల్లారి దుకాణంల హెడ్‌ఫోన్ పెట్టుకున్నడు. అదే డబ్బా, అదే పాట.

రెండో గొంతు లేదు.

సాయంత్రం క్వార్టర్‌ల పెడితే... ఉంది.

పాట రికార్డు చేసిన రోజు యాది చేసుకున్నడు. ఒక్కటే మైకు. ముత్తమ్మ ఒక్కతే. కలిసి పాడినోళ్లు ఎవరూ లేరు. మనసు ఆగక, మర్నాడు కొత్త కెపాసిటర్లు పీకేసి పాతయే పెట్టి తెచ్చిండు. పాట మబ్బుగ, దుప్పటి కప్పినట్టు వచ్చింది. రెండో గొంతుకు మాత్రం దుప్పటి లేదు. ఎప్పటి లెక్కనే సన్నగ, సాఫ్‌గ...

అంటే అది డబ్బాలది కాదు.

ఇంట్లది.

స్పీకర్లు ఆడనే ఇడిసిపెట్టి, డబ్బా ఒక్కటి సంకల పెట్టుకొని బయటవడ్డడు. బండి ఎట్ల తోలిండో ఆయనకే తెల్వది.

ఇగ ఆ దిక్కు పోవద్దనుకున్నడు. తెల్లారి చేతులు ఊకోక మంచి కెపాసిటర్లే మళ్ల అతికిచ్చిండు. సాయంత్రం అయ్యేసరికి పోకుంట ఉండలేకపోయిండు. కట్ట మీద బండి మెల్లగ పోతుంటే ముత్తమ్మ మొఖం కండ్ల ముంగట ఆడింది. ఆమె ఎన్కాలే ఆమె బిడ్డ కరుణ మొఖం.

తల్లిని మన్ను చేసినంక కరుణ దుకాణానికి వచ్చి ఆ పాట అడిగింది. రికార్డు అడుగున కరెంటు రొద ఉండె, అది నాగేందర్ వైరింగ్ తప్పే. సాఫ్ చేసి ఇస్తనన్నడు. చెయ్యలె. పిల్ల మళ్ల వచ్చింది, మళ్ల రేపు రమ్మన్నడు. ఫోన్లకు ఎక్కిస్తే డొక్కు స్పీకర్లల పెట్టి పాటను పాడుచేస్తరని తనకు తాను చెప్పుకున్నడు. లోపటి ముచ్చట అది కాదు. అంత మంచి పాట తన ఒక్కని దగ్గరే ఉండాలె. ఆఖరికి మెమరీ కార్డు ఖరాబై పాట పోయిందని చెప్పిండు. కరుణ ఏడ్వలె. పోనీలే అన్నా అని మెల్లగ మెట్లు దిగి పోయింది.

ముత్తమ్మ అందుకే వస్తున్నదా...

భయం కన్న ముందు సిగ్గు వచ్చింది. ఎనుకకు మళ్లుదామనుకున్నడు. బండి అప్పటికే తుమ్మల కాడికి వచ్చింది.

అర్రల చీకట్లనే వైర్లు గుచ్చిండు. పాట పెట్టిండు. ముత్తమ్మ అందుకున్నది. జరసేపటికి రెండో గొంతు కలిసింది... కిటికీ దిక్కు నుంచి.

నాగేందర్ పాటను నడుమల ఆపిండు.

రెండో గొంతు ఆగలె.

ఒంటరిగ ఇంకో రెండు మాటలు పాడింది... అప్పుడు ఆగింది.

కాల్వల నీళ్ల సప్పుడు తప్ప ఇంకేం లేదు.

"అమ్మా..." గోడ అవతల ఆ గొంతు గొణిగింది. "ఎందుకు ఆపినవే?"

ఫోన్ లైటు ఎట్ల నొక్కిండో, కిటికీ దాక ఎట్ల పోయిండో. లైటుల ఒక మొఖం కనపడ్డది. నుదురు గోడకు ఆనిచ్చి, కండ్లు మూసుకొని, మెడల మెడికల్ షాపు కార్డుతోని.

కరుణ.

కండ్లు తెరిచి ఆయనను సూసింది. ఆయన భుజం మీదికెళ్లి లోపటికి సూసింది. స్పీకర్లు, వైర్లు, డబ్బా మీద ఎర్రటి చుక్క. చుట్టు తిరిగి లోపటికి వచ్చి వాటి ముంగట కూసున్నది.

తర్వాత మెల్లగ చెప్పుకొచ్చింది. షాపుల పని అయినంక స్కూటీ మీద ఇంటికి పోతుంటే ఒకనాడు ఈడ అమ్మ గొంతు ఇనవడ్డదట. ఆనాటి నుంచి దినాం ఆగి, గోడకు ఆనుకొని ఇని పోతున్నదట, ఈ నాలుగు దినాల సంది అమ్మతోని కలిసి పాడుతున్నదట. దాచుకోలేక ఇంట్ల చెప్పింది. భర్త అఖిల్ భయపడి సూర్యాపేట దవాఖానకు తీస్కపోయిండు. డాక్టర్ మాత్రలు రాసిండు. గాలి సోకిందని అత్త ఇప్పుడు చంటిపిల్లను ఆమె పక్కన పండనిస్తలేదు.

"మాత్రలు మింగినా పాట ఇనపడుతనే ఉండె," అన్నది. కోపం లేదు గొంతుల. "పాట పోయిందని నువ్వే చెప్తివి గదన్నా. పాట లేకపాయె... ఇగ అమ్మనే అనుకున్న."

తనే పుట్టిచ్చిన గజ్జెల ముచ్చట ఆమె అత్త దాక పోయి ఉంటదని నాగేందర్‌కు అప్పుడు తోచింది. చీకటి ఉన్నందుకు బతికిన అనుకున్నడు.

"మొత్తం పెట్టవా, ఒక్కసారి," అన్నది కరుణ.

పెట్టిండు. ఈసారి ఆమె గొంతు కలపలె. మోకాళ్ల మీద గదువ పెట్టుకొని ఇన్నది. పాట అయిపోయింది. నాగేందర్ ఎప్పుడైనా ఆడనే ఆపేస్తడు. ఇయ్యాల చెయ్యి లేవలె. ఆ రోజు ముత్తమ్మ పక్కకు జరిగినంక కూడ మైకు ఇంకా తెరిచే ఉంది... చెప్పుల సప్పుడు... చీర అలికిడి... అప్పుడు, దూరంగ, ఆయన ఎన్నడూ ఇనని మాట.

"కరుణా... చీకటైతున్నది. పా బిడ్డా, ఇంటికి పోదాం."

కరుణ లేచి నిలవడ్డది.

"వస్తున్ననే," అన్నది.

నాగేందర్ ఆడనే పాటను ఆమె ఫోన్‌కు ఎక్కిచ్చిండు. స్కూటీ ఎన్కాల తన బండి పోనిచ్చిండు. రమ్మని ఆమె అడగలె, వద్దనీ అనలె.

ఇంటి ముంగట లైటు ఎలుగుతున్నది. అఖిల్ చంటిపిల్లను ఎత్తుకొని వాకిట్ల తిరుగుతున్నడు. అత్త గడపల నిలవడి, కోడలి ఎన్కాల వచ్చిన మనిషిని ఎగాదిగా సూసింది. అఖిల్ కుర్చీ జరిపిండు. నాగేందర్ కూసోలె.

"ఆమెకు ఏం కాలె," అన్నడు తల ఎత్తకుంట. "ఆ ఇంట్ల పాట పెట్టింది నేను. పాట లేదని అబద్ధం చెప్పింది కూడ నేనే."

కరుణ ఫోన్‌ల పాట పెట్టింది. చిన్న స్పీకర్ల అది పల్చగ, గరగర వచ్చింది. అత్త ఇనుకుంట ఇనుకుంట పోయి అఖిల్ చేతులకెళ్లి పిల్లను తీస్కొని కరుణ ఒళ్లె పెట్టింది.

ఎవరన్న ఒక మాట తిడితే బాగుండునని నాగేందర్ వాకిట్లనే నిలవడ్డడు. ఎవరూ తిట్టలె.