నిద్రకు సరిపడా చప్పుడు

ఉదయం ఏడుంబావుకు బైరాగి సైకిల్‌ని క్వార్టర్స్ మెట్ల కింద పెట్టి, గొలుసు వేసి, రెండో అంతస్తులోని గదికి వచ్చాడు. కార్పొరేషన్ మురుగునీటి పంపింగ్ స్టేషన్‌లో ఇరవై ఎనిమిదేళ్ళుగా అతను మోటార్లు నడుపుతున్నాడు. నెలలో ఎక్కువ రోజులు రాత్రి డ్యూటీ. స్నానం చేసి, ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తిని, ఎనిమిదింటికి మంచం ఎక్కాడు.

మంచానికి నాలుగడుగుల దూరంలో కూతురు లలితాంబ పీట ముందు కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ఆ కుటుంబానికి ఉన్నది ఒక గది, వంట చేసుకునే వరండా.

లలితాంబకు ఇరవై నాలుగేళ్ళు. కంప్యూటర్ ఆఫీసులుండే సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లోని ఒక కంపెనీకి పనిచేస్తుంది. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసిన మాటలు విని, టైపు చేసి పంపడం పని. మార్చిలో తల్లి సన్యాసమ్మ వీధి కొళాయి దగ్గర జారి మోకాలు విరగ్గొట్టుకుంది. రెండంతస్తులు నీళ్ళు మోసే మనిషి లేక, ఇంటి నుంచే పని చేస్తానని లలితాంబ అర్జీ పెట్టుకుంది. కంపెనీ లాప్‌టాప్ ఇచ్చింది. దానితో పాటు ఒక షరతు పెట్టింది. నెలలో మూడు ఫైళ్ళు గడువు దాటితే లాప్‌టాప్ తిరిగి ఇచ్చేసి ఆఫీసులో రాత్రి షిఫ్టుకు రావాలి.

ఆ రోజు 2010 మే ఇరవయ్యో తేదీ. అప్పటికే ఆ నెలలో రెండు ఫైళ్ళు గడువు దాటాయి. రెండుసార్లూ లాప్‌టాప్ వేడెక్కి పని మధ్యలో ఆగిపోయింది.

"పొద్దున్నే మొదలెట్టీసినావేటే?" సన్యాసమ్మ వరండాలోంచి గొంతు తగ్గించి అడిగింది.

"మూడింటికి పంపాలమ్మా. పెద్ద ఫైలు."

"మీ నాన్నని లేపకు. నిన్న పదకొండుకే లేచి కూకున్నాడు. నెల్రోజులై మనిషికి సరైన నిద్ర నేదు."

"చప్పుడెక్కడుందమ్మా? నువ్వే విను."

సన్యాసమ్మ చెవి ఒగ్గింది. చప్పుడు లేదు. ఏప్రిల్ మొదట్లో ఉండేది. లాప్‌టాప్ అడుగున ఉన్న చిన్న ఫ్యాన్ గంటల తరబడి గట్టిగా తిరిగేది. రెండో రోజు బైరాగి పడుకునే, "ఏటే ఆ సప్పుడు?" అని అడిగి అటు తిరిగాడు. తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వారం తిరిగేసరికి లలితాంబ ఆఫీసు స్నేహితురాలిని అడిగి, ఫ్యాన్ వేగం మార్చే ప్రోగ్రాం ఒకటి ఎక్కించుకుని, వేగం సగానికి తగ్గించింది. ఆ తరువాత బైరాగి రెండింటికి బదులు పన్నెండింటికి లేవడం మొదలుపెట్టాడు. ఆమె ఇంకా తగ్గించింది. అతను పదకొండుకు లేచాడు. ఆమె వేగాన్ని అట్టడుక్కు దించి, మిగిలిన చప్పుడు కూడా పీటలోకి దిగకుండా లాప్‌టాప్ కింద తల్లి కుట్టిన బొంతను నాలుగు మడతలు వేసి పెట్టింది. పాత చీరలతో కుట్టిన బొంత అది.

చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆమె పని మొదలుపెట్టింది. నలభై రెండు నిమిషాల రికార్డు. పదకొండూ నలభైకి ముప్పై నిమిషాల దాకా టైపు చేసింది. అప్పుడు తెర నల్లబడింది.

ఆమె మీట నొక్కింది. నొక్కి పట్టుకుంది. లాప్‌టాప్ తెరుచుకోలేదు. కింద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది.

"మళ్ళీనా?" అంది సన్యాసమ్మ, గుమ్మం పట్టుకుని నిలబడి.

"మళ్ళీ." లలితాంబ ఫోన్ తీసి సంచిలో వేసుకుంది. "ఇంక చాలమ్మా. నేనే వెళ్ళి ఇచ్చేస్తాను. రాత్రి షిఫ్టుకి ఒప్పుకుంటాను. ఆఫీసు దగ్గర కేష్టోపూర్‌లో నాతో పనిచేసే అమ్మాయిలు ముగ్గురు గది తీసుకున్నారు, నాలుగో మనిషి కావాలంటున్నారు."

"మరి నీళ్ళో?"

"ఎవరినైనా పెట్టుకుందాం."

"ఇల్లుండగా ఇంకోరి గదేటి?"

ఆ మాట అన్నది బైరాగి. అతను అప్పటికే మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిద్రపో నాన్నా."

"నిద్రెక్కడిది? సెప్పు. ఈ గది నీకు సాలనేదా? ఇక్కడే పుట్టినావు, ఇక్కడే సదివినావు. ఇప్పుడు ఇంగిలీసు డాట్టర్ల మాటలు ఇంటన్నావని కార్పొరేషన్ క్వార్టర్సు సిన్నతనమైపోనాదేటి?"

"నేనలా అన్నానా?"

"అనక్కర్నేదు. మడత మంచం ఏస్తాను వరండాలో, అక్కడ పడుకుంటాను నాను. గది నీకు ఒదిలేస్తాను. సరిపోద్దా?"

"ఎండలో పడుకుంటావా? పడుకుని రాత్రి మోటారు మీద పడతావా?" లలితాంబ గొంతు పెరిగింది. "నీ నిద్ర కోసమే ఇదంతా చేశాను. ఈ లాప్‌టాప్ ఊపిరాడక చస్తోంది. ఫ్యాన్ తిరగనివ్వకుండా నేనే ఆపాను. ఎందుకాపాను? నువ్వు పడుకోవాలని. ఇప్పుడు ఉద్యోగం పోతోంది, నీకు నిద్రా లేదు. నేను లేకపోతే కనీసం నువ్వైనా పడుకుంటావు."

బైరాగి మంచం దిగి వచ్చి పీట ముందు కూర్చున్నాడు. చేతి వెనక వైపు లాప్‌టాప్‌కి ఆనించి లోలోపల లెక్కపెట్టాడు. రెండు దాకా ఉంచగలిగాడు. స్టేషన్‌లో మోటారు ఒంటి మీద మూడు లెక్కపెట్టేదాకా చెయ్యి నిలవకపోతే మోటారు ఆపి, నీరు వచ్చే దారిలో ఉన్న చువ్వల తడిక శుభ్రం చేస్తారు.

"దీనికి ఫ్యానెందుకు ఆపినావు?"

"చెప్పాను కదా. చప్పుడు నిన్ను లేపుతోందని."

"ఎవులు సెప్పినారు?"

"నువ్వే. ఏటి ఆ చప్పుడని అడిగావు."

"అడిగినాను. కొత్త మోటారు ఏదో తిరుగుతున్నాదని అడిగినాను. ఎవులూ సెప్పనేదు. సెప్పకపోతే పోన్లే అని పడుకున్నాను." అతను భార్య వైపు చూశాడు. "ఆ వారం రోజులూ ఎన్నింటికి లేచినాను?"

సన్యాసమ్మ ఆలోచించింది. "రెండుకి. ఓ రోజు మూడయిపోనాది."

"మరి?"

అతను కూతురి వైపు తిరిగాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళు నాలుగు మోటార్ల మధ్యన కూకున్నాను. తిరుగుతుంటే కళ్ళు మూసుకుంటాను. ఒకటి ఆగితే లేస్తాను. ఆగిందంటే నీరెక్కుతున్నాదని కదా. లేవనేదనుకో, తెల్లారేసరికి జనం మోకాటి లోతులో ఉంటారు. ఇంట్లో సప్పుడు నేకపోతే ఏదో ఆగిపోనాదనిపిస్తాది. నెల్రోజులై అలగే అనిపిస్తన్నాది."

"ఆ ముక్క సెప్పొచ్చు కదా" అంది సన్యాసమ్మ.

"అడిగినారేటి?"

లలితాంబ సంచి కింద పెట్టింది.

బైరాగి మెట్లు దిగి సైకిల్ పంపు తెచ్చాడు. లాప్‌టాప్‌ని తిరగేయమన్నాడు. అడుగున గాలి పోయే చీలికల్లో దారప్పోగులు, దూది పేరుకుని ఉన్నాయి. లలితాంబ జడపిన్నుతో వాటిని లాగింది. అతను లాప్‌టాప్ పక్కనున్న చీలికలోంచి పంపుతో గాలి కొట్టాడు. నీలం రంగు నూలు ఉండ ఒకటి పీట మీద పడింది.

సన్యాసమ్మ దాన్ని వేళ్ళతో తీసి చూసింది. "ఇది నా నీలం సీర. నువ్వు పుట్టినప్పుడు కట్టినాను."

"బొంత తియ్యే దాని కింద" అన్నాడు బైరాగి. "తడిక మీద గుడ్డ పరిచి పంపు నడిపితే నీరెక్కడి నుంచొస్తాది?" తలుపుకి అడ్డం పెట్టే చెక్క ముక్కలు రెండు తెచ్చి, మోటారు దిమ్మ కట్టినట్టు, చీలికలకు అడ్డం రాకుండా పీట మీద పేర్చాడు. లలితాంబ లాప్‌టాప్‌ని వాటి మీద పెట్టింది.

పన్నెండూ నలభైకి అది తెరుచుకుంది. ఆమె ఫ్యాన్ ప్రోగ్రాం తీసేసింది. ఆగిపోయే ముందు టైపు చేసిన తొమ్మిది నిమిషాల భాగం పోయింది. అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఫ్యాన్ అందుకుంది. చప్పుడు గదంతా వినిపించింది.

బైరాగి మంచం మీద పడుకుని అటు తిరిగాడు. రెండోసారి కదలలేదు.

రెండూ నలభై ఎనిమిదికి ఫైలు వెళ్ళింది. అందినట్టు కంపెనీ నుంచి జవాబు వచ్చేదాకా ఆమె తెర వైపే చూసింది. తరువాత హెడ్‌ఫోన్ తీసింది. నెల రోజుల తరువాత తండ్రి గురక వినిపించింది. పని మొదలుపెట్టగానే హెడ్‌ఫోన్ పెట్టుకునేది కాబట్టి, ఆ గురక ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు తెలియలేదు.

సన్యాసమ్మ మోకాలు చాపుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. "ఎల్లిందా?"

"వెళ్ళింది."

"కేష్టోపూర్ వాళ్ళకి ఏటి సెప్తావు?"

"నాలుగో మనిషిని వెతుక్కోమంటాను." లలితాంబ కళ్ళు తుడుచుకుంది. "అడిగి ఉంటే అయిపోయేదమ్మా. ఒక్కమాట."

"నానూ అడగనేదు" అంది సన్యాసమ్మ.

పని ఆగడంతో లాప్‌టాప్ చల్లబడింది. ఫ్యాన్ నెమ్మదించింది. చప్పుడు సన్నగిల్లింది. మంచం మీద గురక ఆగింది. బైరాగి కాలు కదిలింది.

లలితాంబ గబగబా శిక్షణ రోజుల వీడియోలు మూడు ఒకేసారి తెరిచి, వాటి మాటలు వినపడకుండా చేసి, నడవనిచ్చింది. నిమిషానికి ఫ్యాన్ మళ్ళీ అందుకుంది. ఆమె తండ్రిలాగే చేతి వెనక వైపు లాప్‌టాప్‌కి ఆనించి మూడు దాకా లెక్కపెట్టింది. తరువాత బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళింది.