సేటు బావిలో రాజుగారి గొంతు

సోమందేపల్లె దాటి పెనుకొండ వైపు కాస్త దూరం పోతే, హైవే పక్కన మూతబడిన వేరుశనగ నూనె మిల్లు ఒకటి ఉండేది. దాని వెనక ఒక బావి. చీకటి పడ్డాక ఆ బావి పక్కకు ఎవరూ పోయేవారు కాదు.

లారీ డ్రైవరు ఒకడు ఇంజనుకు నీళ్ళు తోడుకుందామని దిగి, డబ్బా అక్కడే పారేసి, హిందూపురం దాకా వెనక్కి చూడకుండా తోలుకుపోయాడట. నీళ్ళ ట్యాంకరు వాళ్ళు ఇద్దరు రాత్రిపూట మోటారు దించబోయి, వారం రోజులు జ్వరంతో మంచం పట్టారట. అందరూ చెప్పేది ఒకటే... గట్టు మీద ఒక ఆడగొంతు ఏదో తెలియని భాషలో గొణుగుతుంది. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత బావి అడుగు నుంచి — మగగొంతు బదులు పలుకుతుంది.

ఆ మగగొంతు గుజరాతీ రాజుగారిదని ఊరంతటికీ తెలుసు. ఆయన పేరేమిటో, ఎన్నేళ్ళు బతికాడో, ఎవరిని ప్రేమించాడో, ఎలా చచ్చిపోయాడో కూడా తెలుసు. ఇంత వివరమైన జీవితచరిత్ర ఉన్న దెయ్యం మా జిల్లాలో ఇంకొకటి లేదు. ఆ చరిత్ర ఊరికి చెప్పిన పెద్దమనిషిని నేనే.

నా పేరు లక్ష్మీపతి, హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. ఇప్పుడు చెప్పేది నా మీద మా ఊళ్ళో నడిచే కథ. మిల్లుకు ఎదురుగా టీ హోటలు పెట్టుకున్న ఓబుళేసు దీన్ని నా ముందే ఎన్నోసార్లు చెప్పాడు. నేను విన్నట్టే చెబుతాను. అతనికి తెలియని ముక్కలు మాత్రం నేను కలుపుకుంటాను.

మిల్లు జమ్నాదాస్ సేటుది. వాళ్ళది కాఠియావాడ్. వాళ్ళ ఊరిని ఒకప్పుడు ఏలిన చిన్న సంస్థానాధీశుడు జశరాజ్ సింహ్ కవి కూడానట. తొంభై ఏడులో సేటు నన్ను పిలిపించి, ఆ రాజుగారి పద్యాల పుస్తకం చేతిలో పెట్టాడు.

"పండిట్‌జీ, మీకు గుజరాతీ వస్తుందా?" అని అడిగాడు.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. కానీ సేటు నాకు పింగాణీ కప్పులో టీ ఇచ్చి, 'కవిరాజ్' అని పిలిచి ఉన్నాడు. నన్ను అంతవరకు అలా ఎవరూ పిలవలేదు. "ధారాళంగా వస్తుంది" అన్నాను.

గుజరాతీ అంటే పైన గీత లేని హిందీయే కదా, చూస్తే అదే అర్థమవుతుందిలే అనుకున్నాను. ఇంటికి పోయి పుస్తకం తెరిస్తే, తెల్లారేదాకా నాకు దొరికినవి మూడు అక్షరాలు. ముందు రెండు పేజీలు హిందీలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. పదిహేడేళ్ళకు గద్దె ఎక్కాడు, ఇరవై ఎనిమిదికే పోయాడు, మధ్యలో పెద్ద కరువు, కొన్ని బావులు... అంతే సమాచారం.

మిగిలింది నేను కల్పించాను. రాజన్నాక గులాబీలు ఉండాలి, వెన్నెల ఉండాలి, రాణికి తెలియకుండా ఒక దాసీపిల్ల ఉండాలి. నలభై పద్యాలు గడగడా రాసి పారేశాను. చివర దాసీపిల్లను బావిలో దూకించి, ఆమె వెనకే రాజును కూడా దూకించాను. సేటుకు తెలుగు చదవడం రాదు, పుస్తకం అచ్చు వేయించాడు. బడి వార్షికోత్సవంలో ఆ రాజు కథను నేను గంటసేపు చెబితే ఆడవాళ్ళు ఏడ్చారు కూడా.

మరుసటేడు పంటల్లేక మిల్లు మూతబడింది. సేటు తల్లి, అందరూ 'బా' అని పిలిచే ముసలామె, ఇక్కడే కన్నుమూసింది. సేటు తన ఊరికి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు బావిలో గొంతు వినపడడం మొదలైంది. బావిలో దూకిన రాజు కథ ఊరి దగ్గర సిద్ధంగా ఉంది కదా, ఆ గొంతుకు తగిలించేశారు.

రెండువేల రెండు. చినుకు లేని ఏడాది. అనంతపురం నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. అక్కడి గుజరాతీ కుటుంబాలవాళ్ళు ఆదివారం జశరాజ్ సింహ్ వర్ధంతి చేస్తున్నారు. రాజుగారి కవిత్వాన్ని తెలుగుకు తెచ్చిన నాకు సన్మానం చేస్తారట. ముందు ఒక పద్యం గుజరాతీలో చదివి, తర్వాత నా తెలుగు వినిపించాలట.

ఉత్తరం పట్టుకుని వరండాలో చాలాసేపు కూర్చున్నాను. పాతికేళ్ళుగా నన్ను చూస్తే పిల్లలు లేచి నిలబడతారు, పెద్దవాళ్ళు బీడీ దాచుకుంటారు. ఆదివారంతో అదంతా పోతుందనుకున్నాను.

అప్పుడు సేటు ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. బావి గట్టున ఉన్న రాతి మీద రాజుగారి పద్యం ఒకటి చెక్కించాడట, మిల్లు కూలీల కోసం కింద తెలుగు లిపిలో కూడా! ఆ నాలుగు ముక్కలు రాసుకొచ్చి బట్టీ పడితే నా పరువు దక్కుతుంది.

పగలు పోవచ్చు కదా అంటారా? ఎదురుగా ఓబుళేసు హోటలు. గుజరాతీ పండితుడు గుజరాతీని తెలుగు అక్షరాల్లో చూసి రాసుకుంటున్నాడని సాయంత్రానికి మడకశిర దాకా తెలిసిపోతుంది. దెయ్యమా, ఓబుళేసా అని ఆలోచించి, దెయ్యమే నయమనుకున్నాను.

శుక్రవారం రాత్రి... అమావాస్య. హోటల్లో దీపం ఆరేదాకా కల్వర్టు కింద నక్కాను. చెవిలో పెన్సిలు, చేతిలో టార్చి, ఒంటిమీద ఇస్త్రీ పంచె. దెయ్యం ముందుకైనా పండితుడు పండితుడిలాగే పోవాలి.

కూలిన ప్రహరీ దాటాను. గాలి లేదు. మిల్లు రేకులు కూడా చప్పుడు చేయడం లేదు. టార్చి వేస్తే అది ఎర్రగా ఒకసారి వెలిగి — ఆరిపోయింది.

చేతులు చాచుకుంటూ నడిచాను. పది అడుగులు... ఇంకో పది... బావి గట్టు నల్లగా కనపడింది.

గిలక కిర్రుమంది.

నిలబడిపోయాను.

"పహేలుఁ పాణీ ఢోర్‌నే..."

ఆడగొంతు. గుసగుసగా. నాకు రెండు బారల దూరంలో.

ఆంజనేయ దండకం గుర్తు చేసుకోబోతే, పిల్లలకు చెప్పే సంధి సూత్రాలు గుర్తొచ్చాయి.

చాలాసేపు ఏమీ లేదు... ఆ తర్వాత భూమి లోపలి నుంచి, బరువుగా, తడిగా —

"ఛెల్లుఁ పాణీ రాజానే..."

రాజా! ఆ ఒక్క మాట చాలు నాకు. వెనక్కి తిరిగి ఉరికాను. నాలుగు అంగలు వేశానో లేదో, ఎవరో వెనక నుంచి నా పంచె పట్టుకున్నారు. గింజుకున్నాను. వదలలేదు. కింద పడ్డాను.

ఇక దాచి లాభం లేదనిపించింది. మోకాళ్ళ మీద లేచి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించాను.

"మహారాజా, క్షమించండి! నాకు గుజరాతీ రాదు! మీ పద్యం ఒక్కటి కూడా చదవలేదు! నలభై పద్యాలూ నేనే రాశాను! ఆ దాసీపిల్ల నా కల్పన! మిమ్మల్ని బావిలో తోసింది నేనే! పంచె వదలండి ప్రభూ!"

"జాలికంపకు తగులుకోనుండాది సారూ," అంది ఆడగొంతు. "గుంజొద్దు, చినిగిపోతాది."

కళ్ళు తెరిచాను. అగ్గిపుల్ల వెలుగులో హనుమంతమ్మ. మిల్లు వెనక గొర్రెలు మేపుకునేవాళ్ళ వీధిలో ఉంటుంది. ఒకప్పుడు సేటు తల్లికి వంటింట్లో సాయం చేసేది.

బావిలోంచి మళ్ళీ మగగొంతు వచ్చింది. "ఏమైందే ఆడ? బిందె నిండిందంటాంటే గుంజవేమే?"

ఆమె మొగుడు బయ్యన్న.

నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, పంచెను ముళ్ళ నుంచి విడిపిస్తూ చెప్పింది హనుమంతమ్మ. బావిలో నీళ్ళు బొక్కెన మునిగేంత లేవు. అడుగున ఊట చెమ్మగిల్లినట్టు ఊరుతుంది. బయ్యన్న రాతిమెట్ల మీద దిగి, చెంబుతో తోడి బిందె నింపాలి. ఆమె మొదటి ముక్క అంటూ బిందె దించుతుంది. నిండాక అతను చివరి ముక్క అంటాడు, ఆమె లాగుతుంది. సేటు తల్లి వాళ్ళకు నేర్పిన పద్ధతి అది. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు ఆ పద్యం పలకనిదే చేద దించరట.

"అంటే... అది రాజుగారి పద్యమేనా?" అన్నాను.

"ఆయప్పదే. బా చెప్పింది గదా. కరువులో గుర్రాలమ్మి బావులు తవ్విచ్చినాడంట. తొలి నీళ్ళు గొడ్డుకు, తర్వాత దావన పొయ్యేవానికి, కడా నీళ్ళు రాజుకు... ఇదే రాయించినాడంట అన్ని బావులకాడ. తానే వచ్చి వరసలో కడాకు నిలబడేటోడంట. గంజి కేంద్రంలో అందరితో పాటే వాంతులూ బేదులూ అయి సచ్చిపోయినాడు పాపం."

పాణీ అంటే నీళ్ళని హిందీ సినిమా చూసిన ఏ పిల్లవాడికైనా తెలుసు. గుజరాతీ నుంచి నలభై పద్యాలు తెచ్చిన నాకు మాత్రం పారిపోవాలనిపించింది.

"నువ్వు చెప్పిన కథ వేరేగా ఉండాదిలే సారూ," అంది ఆమె నవ్వుతూ. "అయినా మంచే చేసింది. ట్యాంకరోళ్ళు ఈ బావి మీద కన్నేసినారు. మోటారు పెట్టిరంటే రెండ్రోజుల్లో ఊట నాకేస్తారు. ఎనభై గొర్రెలు, పద్నాలుగిండ్లు ఈ నీళ్ళ మీదనే ఉండాయి. నీ దయ్యానికి భయపడే వాళ్ళు రాలే." ఆమె గొంతు తగ్గింది. "మేమని యాడా చెప్పొద్దు సారూ. నీ కాళ్ళు మొక్కుతా."

చెప్పనని మాటిచ్చాను. ఇప్పుడు చెప్పొచ్చు... రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ బావిని పూడ్చేశారు. దానికి ముందే వాళ్ళ వీధికి కొళాయి వచ్చింది.

మర్నాడు పొద్దున ఓబుళేసు హోటలు ముందు జనం. జాలికంప మీద నా పంచె ముక్క, ప్రహరీ పక్కన నా ఎడమకాలి చెప్పు.

"ఏం సారూ, రాజుగారు బాగుండాడా? నీ పుస్తకం గురించి ఏమన్యా అడిగినాడా?" అన్నాడు ఓబుళేసు.

అక్కడున్నది హనుమంతమ్మ అని ఒక్క మాట అంటే నవ్వు ఆగిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే ట్యాంకరు ఒకటి హోటలు ముందు ఆగింది. దాని డ్రైవరు కూడా టీ గ్లాసు పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు.

"నిజమే అప్పా, రాజే," అన్నాను. "పంచె పట్టి లాగినాడు."

నవ్వులు హైవే అవతలికి వినపడ్డాయి. ట్యాంకరు డ్రైవరు మాత్రం నవ్వలేదు. టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి బడి పిల్లలు నన్ను 'పంచె సారు' అంటున్నారు. మా ఆవిడ కూడా ఒకసారి నోరు జారింది.

ఆదివారం అనంతపురంలో, ఆ రాత్రి హనుమంతమ్మ దగ్గర నేర్చుకున్న పద్యాన్ని చదివాను. అర్థం చెప్పాను. నా పుస్తకంలో మిగతాదంతా నేను కల్పించిందేనని కూడా చెప్పి, తలవంచుకుని నిలబడ్డాను. ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ లేచి, ఆ పద్యాన్ని నాతో మళ్ళీ చదివించాడు. శాలువా అప్పటికే కొనేశారు కాబట్టి కప్పేశారు.

పది రోజుల తర్వాత చీకట్లో హనుమంతమ్మ మా ఇంటికొచ్చింది. బయ్యన్నకు జ్వరం, లేవలేకున్నాడు. గొర్రెలు నిన్నటి నుంచి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మగవాళ్ళంతా పనులకు బెంగళూరు పోయారు. వాళ్ళ వీధి కాకుండా ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

యాభై ఏళ్ళ వయసులో, బొజ్జతో, నిక్కరు మీద రాతిమెట్లు దిగాను. అడుగున చీలమండ దాకా బురద. చెంబుతో తోడి బిందె నింపేసరికి నడుము పడిపోయింది.

ఆ రాత్రే ఓబుళేసు తన ధైర్యం చూపించాలనుకున్నాడు. సాక్షులను ముగ్గుర్ని రోడ్డు మీద నిలబెట్టి, లాంతరు పట్టుకుని లోపలికొచ్చాడు. ఆ వెలుగు చూసి హనుమంతమ్మ గట్టు చాటున కూర్చుని, పద్యం మొదలుపెట్టింది.

"పహేలుఁ పాణీ ఢోర్‌నే..."

లాంతరు ఆగింది. "ఎవురది?" అన్నాడు ఓబుళేసు.

వెనక బెంచీకి వినపడేలా పాతికేళ్ళు పాఠం చెప్పిన గొంతు నాది. బావి దాన్ని నాలుగింతలు చేసింది.

"ఛెల్లుఁ పాణీ రాజానేఏఏ!"

పైన లాంతరు పగిలిన చప్పుడు. పరుగు. "ఓయమ్మోవ్!" అన్న కేక పెనుకొండ దిక్కుగా పోయింది. ఓబుళేసు కథలో రాజుకు ఇప్పుడు కిరీటం, కోరమీసం కూడా ఉన్నాయి.

తెల్లారుజాము దాకా తోడాం. గొర్రెల తొట్టి నిండింది, ఇళ్ళవాళ్ళ బిందెలు నిండాయి. మెట్లు పట్టుకుని ఒంటినిండా బురదతో పైకొచ్చి గట్టు మీద కూలబడ్డాను. హనుమంతమ్మ బిందె అడుగున మిగిలిన నీళ్ళను చెంబులో వంచి నా చేతికిచ్చింది.

"ఇంద సారూ, తాగు. కడాది నీది."

ఆ నీళ్ళు మట్టి వాసన వేస్తున్నాయి. గటగటా తాగేశాను. నేను రాసిన నలభై పద్యాల్లో ఎక్కడా ఆ రాజుకు దాహం వేయలేదు.