భట్టీల గల్లీలో ట్రయల్

బన్సీలాల్‌పేట్ మెట్లబావి దగ్గర బ్రహ్మచారి తల పైకెత్తాడు. ఫ్యాను తిరుగుతున్నట్టు చప్పుడు. అంతే. తూటా గొంతులో దూరి మెడ వెనకనుంచి పోయింది. నెత్తురు మెట్లు దిగింది.

పైన చిన్న డ్రోన్. పని అయిపోయింది, వెళ్లిపోయింది.

నేరేడ్‌మెట్‌లో బోర్డు లేని ఆఫీసు. చీఫ్ విజయమ్మ చచ్చినవాడి ఫొటో బల్ల మీద పడేసింది.

"ఏజెంట్ షఫీ, ఈయన పేరు బ్రహ్మచారి, సైంటిస్టు. సైన్యానికి ఏ డ్రోన్ కొనాలో తేల్చేది ఈయనే. విదేశీ కంపెనీది ఒంటి వేడిని బట్టి మనిషిని వెతుకుతుంది. పదికి పది కొడుతుంది. మనది పదికి ఆరే."

"మరి వాళ్లదే కొనచ్చు గదా మేడమ్?"

"వాళ్లది ఒకటి కొనే డబ్బుకు మనవి ముప్ఫై వస్తాయి. బార్డర్‌లో ఆ ఒక్కటీ కూలితే? చేతులు ఖాళీ. బ్రహ్మచారి అదే చెప్పబోయాడు. వాళ్ల డ్రోన్‌తోనే ఆయన్ని లేపేశారు."

"డెమో గిట్ల ఇచ్చిన్రా?"

విజయమ్మ నవ్వలేదు. "ఆయన అసిస్టెంట్ సృజన చిలకలగూడలో ఉంది. సాయంత్రం కమిటీ ముందు ఆ మాట ఇక ఆమే చెప్పాలి. ప్రాణాలతో తీసుకురా. ఆ కంపెనీలో మన మనిషి ప్రిసిల్లా కారు తెస్తుంది. కోడ్: 'సమోసా చల్లారిందా?' జవాబు: 'ఇంకా నూనెలోనే ఉంది.'"

షఫీ కరెంటు మీటర్లు చూసేవాడి వేషంలో వెళ్లాడు. సృజన గడపలో నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. కమిటీకి తీసుకెళ్లడానికి వచ్చానని షఫీ మెల్లగా చెప్పాడు.

"భయపడి రాననుకున్నరా? సార్‌ని ఎందుకు చంపిన్రో కమిటీల చెప్పే వస్త," అంది.

సందు మొదట్లో నల్ల కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదాలు. ప్రిసిల్లా దిగింది.

"సమోసా చల్లారిందా?" అన్నాడు షఫీ.

"ఇంకా నూనెలోనే ఉంది. కారు అక్కడిదాకా రాదు. ఆమెను ముందు నడవనివ్వు."

కోడ్ కరెక్టే. కానీ ప్రిసిల్లా ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతోంది. చూపంతా చేతిలోని ఫోన్ మీద. కాపాడే మనిషి పక్కన నిలబడాలి. ఈమె దూరం పోతోందేం?

ఫ్యాను చప్పుడు.

షఫీ సృజనను తోసేశాడు. తూటా అతని భుజం చీల్చింది. పిస్టల్ తీసి కాల్చాడు. డ్రోన్ పైన చుక్కంత ఉంది. తగల్లేదు.

"ఉరుకు!"

ఆమెను పక్క గల్లీలోకి లాక్కుపోయాడు. అతను పుట్టి పెరిగిన గల్లీ. రంజాన్ నెల. రెండు పక్కలా మట్టి భట్టీలు, కింద కట్టెల మంట, పైన హలీం ఉడికే పెద్ద పెద్ద దేగులు.

"భట్టీల నడుమ కూసో. కదలకు."

ప్రిసిల్లా వెంటబడి వచ్చింది. ఫోన్ తెరంతా తెల్లగా వెలిగిపోతోంది. మనిషేదో, మంటేదో తెలియడం లేదు. డ్రోన్ కిందికి దిగింది. వెతికింది. ఇంకా దిగింది.

పొగకు సృజన దగ్గింది.

ఎర్ర చుక్క ఆమె నుదుటి మీద నిలిచింది.

వంటవాడు అస్లం చేతిలో హలీం దంచే పొడుగాటి కర్ర ఉంది. షఫీ లాక్కుని, ఒక్క చేత్తోనే ఎత్తి కొట్టాడు. డ్రోన్ గోడకు తగిలి ముక్కలైంది. దాని ఆఖరి తూటా దేగుకు బొక్క పెట్టింది. సలసల కాగే హలీం మంట మీద పడి బుస్సుమంది.

ప్రిసిల్లా హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది. కర్ర ఆమె మణికట్టు మీద పడింది. ఎముక పటుక్కుమంది. రెండో దెబ్బ మోకాలి మీద. కూలిపోయింది.

"మంచులో ట్రయల్ చేశారు," అంది పళ్లు కొరుకుతూ. "ఒక్కటి కూడా గురి తప్పలేదు."

"రంజాన్‌ల చెయ్యలే గదా మేడమ్."

సృజన లేచింది. విరిగిన రెక్క ఏరుకుని కొంగుతో మసి తుడిచింది.

"దీన్ని కమిటీ బల్ల మీద పెడ్త. పదికి పది కొట్టేది ఒక్కటే ఉండె. కర్ర దెబ్బకు పోయింది. ఇగ రెండోది ఏదని అడుగుత."

అస్లం మాత్రం కారిపోతున్న దేగు వైపే చూస్తున్నాడు. "షఫీ భాయ్, ఇఫ్తార్‌కు జనం వస్తరు. ఈ నుక్సాన్ పైసలు ఎవరిస్తరు?"

షఫీ నెత్తురు కారే భుజానికి తువ్వాలు చుట్టుకుంటూ ప్రిసిల్లాను చూపించాడు.

"కంపెనీ మేడమ్ ఈడనే ఉన్నది, అడుగు. ఖరీదైన మాలు గదా, వారంటీ ఉంటది."