టీ పొట్లంలో వచ్చిన బొమ్మలు

హర్షిణి నాలుక బయటపెట్టి మరీ రబ్బరుతో రుద్దుతోంది. అన్నం తిన్నప్పటి నుంచీ అదే పని. మంచం నిండా రబ్బరు పొట్టే!

ఆమె ముందున్నవి వాళ్ల అవ్వ సారవ్వ దాచుకున్న బొమ్మ కార్డులు. వెనకట టీ పొట్లంలో ఒక్కో కార్డు పెట్టి అమ్మేవారట. ఒకదాని మీద నెమలి, ఇంకోదాని మీద లేడి, మరోదాని మీద రైలు. కింద మాత్రం అన్నిటి మీదా ఒకటే మాట: 'చిలుక మార్కు టీనే తాగండి'. బొమ్మలన్నీ పోగెయ్యాలని జనం మళ్లీ అదే టీ కొనేవారు.

రేపు బడిలో పాత ప్రకటనల ప్రదర్శన. రమ టీచర్ అడగ్గానే, "మా అవ్వ దగ్గర ఉన్నయ్ టీచర్!" అని హర్షిణి చెయ్యెత్తేసింది.

కానీ ప్రతి కార్డు మూలనా వేలంత నల్లటి మరక. ఛీ, ఇలాంటివి ఎవరికైనా చూపిస్తారా?

ఇక రైలు కార్డు ఒక్కటే మిగిలింది. అంతలో సారవ్వ కూరగాయల సంచితో వచ్చింది.

"చూడవ్వా, ఎట్ల మెరుస్తున్నయో! మసి అంత పోయింది."

అవ్వ సంచి కింద పెట్టి, ఒక్కో కార్డు మూలా చూసింది.

"అయ్యో బిడ్డా... ఎంత పని చేసినవే!"

"ఏమైందవ్వా?"

"అది మసి గాదే, మీ తాత వేలిముద్ర. బొగ్గు బాయిల డ్యూటీ దిగి, టీ పొట్లం పట్టుకొని వచ్చేటోడు. తానం చేసేదాక గూడ ఆగకపోయేది. గా నల్ల చేతులతోనే కార్డు తీసి, 'ఇగో, నీ బొమ్మ' అని ఇచ్చేటోడు." అవ్వ కళ్లు తుడుచుకుంది. "ఆయన పోయినంక గవే చూసుకుంటున్న."

హర్షిణికి ఏడుపు ఆగలేదు. "నాకు తెల్వలేదవ్వా. నిన్ను అడగాల్సి ఉండె" అంది వెక్కుతూ.

అవ్వ తిట్టలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది హర్షిణికి.

మర్నాడు బడిలో పిల్లలంతా మెరిసే నెమలి చుట్టూ మూగారు. రుత్విక్ మాత్రం రైలు కార్డు ఎత్తి చూశాడు.

"గిదేంది, గింత మురికున్నది? ఆగు, తుడుస్త" అంటూ వేలు తడి చేసుకున్నాడు.

హర్షిణి గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"తుడవకు! అది మా తాత."

రుత్విక్ మెల్లగా అంచులు పట్టుకుని కార్డును ఆమె చేతిలో పెట్టాడు. హర్షిణి మెరిసే కార్డులన్నీ వెనక్కి జరిపి, దాన్ని అన్నిటికంటే ముందు పెట్టింది.