మగ్గాల వీధిలో ఆఖరి అతుకు

మిట్టమధ్యాహ్నం... అమావాస్య... మనిషి నీడ కూడా జడిసి మనిషి కాళ్ళ కిందనే దూరుకునే పాడు ఘడియ!

ప్రొద్దుటూరు మగ్గాల వీధిలో నలభై ఇళ్ళు. ఒకప్పుడు ఆ వీధిలో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సిందే, మగ్గాల చప్పుడు అంత! ఇప్పుడు ముప్పైతొమ్మిది ఇళ్ళు ఖాళీ. తలుపులు పీకేసినారు, కిటికీలు పీకేసినారు. కనుగుంటలు బోసిపోయిన కపాలాల మాదిరి వరసగా నిలబడినాయి. ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా ఒక వట్టి ఉరుము ఈ కొస నుంచి ఆ కొసదాకా భయంకరంగా దొర్లింది. పట్టపగలే విరిగిన దూలం మీద గుడ్లగూబ కూసింది...

నలభయ్యో ఇంట్లో వెంకటరమణమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

మనవరాలు దీప్తి లేదు! పిల్లకు తినిపిద్దామని ముద్ద కలిపి తలెత్తేలోపల పీట ఖాళీ.

మూడు నెల్లుగా ఇదే వరస. కాలేజీకి పోయే పిల్ల, ముత్యమంటి పిల్ల! అమావాస్య వచ్చిందంటే తెల్లగుడ్లు వేసి, మగగొంతుతో "ఇల్లిడువు ముసిల్దానా!" అని గర్జించేది. మొదటి అమావాస్యకు నిద్ర దూరమయింది. రెండోదానికి తిండి పోయింది. మూడోది ఈ పొద్దు.

దీనికంతటికీ మూలం ఆదినారాయణ. వీధంతా చదును చేసి నాలుగంతస్తుల కాంప్లెక్సు కట్టాలని చూస్తాండే ఆసామి. అడ్డం ఉండేది ఈ ఒక్క ఇల్లే. పొద్దున కూడా గడప మీద కాలు పెట్టి మెత్తగా చెప్పిపోయినాడు.

"పెద్దమ్మా, పొద్దు వాలేలోపల కాగితం మింద ఏలుముద్ర ఎయ్. పిల్ల లేచి కూసుంటాది. ఈ పాత కొంపల్లో గాలి మంచిది కాదు."

"ఆ గాలిని జీపులో ఎక్కించుకోని తెచ్చింది నువ్వే కదప్పా! అడవిలోంచి ఆ మంత్రగాడు సుంకన్నను దింపినప్పుడు వీధంతా చూసింది."

"వీధా? యాడుంది పెద్దమ్మా వీధి?" అని నవ్వినాడు.

చేతిలో ముద్ద వదిలేసి వెంకటరమణమ్మ బయటికి ఉరికింది. ఎదురుగా సైదున్నీసా రొప్పుకుంటా వస్తాంది. ముప్పై ఏండ్లు ఎదురింట్లో ఉండి, పోయినేడు ఇల్లమ్మి ఊరి బయట బాడుగ గదికి పోయిన మనిషి. దీప్తిని చూసిపోదామని వచ్చింది.

"అక్కా! పిల్ల మా పాతింట్లో దూరింది. పిలిస్తే పలకలే. చేతులూ కాళ్ళూ నేలకానించి పాకుతాంది, యా అల్లా!"

"మీ ఇంట్లో ఏముందే?"

"ఏముంటాది, మగ్గం గుంట! గోడకు అచ్చొకటి తగిలించి వచ్చినా. దాన్ని కొయ్యనీకి చెయ్యి రాలే."

అచ్చంటే దువ్వెన పండ్ల మాదిరి సన్న పుల్లల వరస. నిలువుగా సాగే పడుగు పోగులన్నీ దాంట్లోంచే రావాల. ఒక బట్ట నేసినాక పోగుల కొసలు అచ్చులోనే ఉంచి, కొత్త పోగుల్ని ఒక్కొక్కటే వాటికి అతుకుతారు. వేళ్ళకు బూడిద అద్దుకోని మెలేస్తే చాలు, ముడి కూడా కనపడదు. తాత పోగుకు కొడుకు పోగు, కొడుకు పోగుకు మనవడి పోగు... వందేండ్లకూ తెగని దారం అది! అతకడం ఆడోళ్ళ పని. ఆ నలభై ఇళ్ళ అచ్చులూ అతికిన చెయ్యి వెంకటరమణమ్మది. అందుకే ఇల్లిడిసి పోయినోళ్ళందరూ మగ్గాలు అమ్ముకున్నారు గానీ అచ్చులు మాత్రం గోడకే వదిలిపెట్టినారు.

ఇద్దరూ లోపలికి అడుగుపెట్టినారు... ఘోరం!

పొగ... పచ్చినెత్తురు వాసన... నల్లటి నిమ్మకాయలు... హోమాగ్ని నాలుకలు! తవ్వే పని లేని గుంట దొరికిందని సుంకన్న, నేతగాడు కాళ్ళు దించి పలకలు తొక్కే ఆ మగ్గం గుంటలోకే కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. వాని ముందర ఒక కపాలం. దాని కళ్ళలోంచి దూర్చిన దారపు పేట ఒకటి దీప్తి మెడకు చుట్టుకోని ఉంది!

"రా ముసిల్దానా! ముప్పైతొమ్మిది ఇళ్ళ సచ్చిన దారాలు కోసి పేనిన ఉరి ఇది. బిగించినానంటే మీ కులదేవత చౌడమ్మ గూడా ఇప్పలేదు!"

వెంకటరమణమ్మ వాని మొహం చూడలేదు. దారం చూసింది. గోడకు తెగిన కొసలతో వేలాడే అచ్చు చూసింది.

"ఏందిరా... అచ్చులు కోసినావా!"

"సచ్చిన మగ్గాలకు అచ్చులెందుకే?"

"ఒక్క మాట అడిగింటే చెప్పేదాన్ని కదరా నాయనా. అచ్చులో పోగు సచ్చింది కాదు... కాసుకోనుండేది!"

వాడు వికటాట్టహాసం చేసి పేట బిగించినాడు. దీప్తి నాలుక బయటికొచ్చింది, గొంతులో గురగుర... వెంకటరమణమ్మ మోకాళ్ళ మీద పడి, ఆ హోమగుండంలోనే చెయ్యి పెట్టి నిప్పుబూడిద తీసింది. వేళ్ళు చురచుర కాలినాయి! అయినా పేట కొస పట్టుకోని, పోగు విడదీసి, గోడ మీది అచ్చులోంచి వేలాడే కొసకు ఆనించి మెలేసింది. ఒకటి...

టక్!

పక్కింట్లో మగ్గం మోగింది. ఆ ఇంట్లో మగ్గమే లేదు!

రెండో పోగు... టకటక! సైదున్నీసా కూడా ఏడుస్తానే బూడిద తీసుకుంది. మూడు... పది... ఇరవై... ముప్పైతొమ్మిది ఇళ్ళలో ముప్పైతొమ్మిది అదృశ్య మగ్గాలు ఒక్కసారి ప్రళయఘోషతో లేచినాయి! కపాలం ఫెళ్ళున పగిలింది. దీప్తి మెడ మీద ఉరి సడలింది...

సుంకన్న కిందికి చూసుకున్నాడు. ఒట్టి గుంటలో వాని పాదాల కింద తొక్కుడు పలకలు! పైకి... కిందికి... పైకి... కిందికి... వాని కాళ్ళు వాని మాట వినలేదు.

"ఆపు అవ్వా! ఆపు!!"

"నేను నేసేదాన్ని కాదురా. అతికేదాన్ని."

వాని జుట్టు పడుగయింది, నరాలు పేకయినాయి. కేక సగంలో ఉండగానే నోరు కూడా నేతలో కలిసిపోయింది...

నిశ్శబ్దం.

"అవ్వా... ఆకలేస్తాంది," అనింది దీప్తి, తన సొంత గొంతుతో.

పొద్దు వాలేటప్పుడు ఆదినారాయణ కాగితం, సిరా డబ్బా పట్టుకోని వచ్చినాడు. గుంట పక్కన దీప్తికి ముద్దలు పెడతాంది సైదున్నీసా.

"సుంకన్న యాడ?"

వెంకటరమణమ్మ గుంటలోకి చూపించింది. ఎర్రటి బట్ట చుట్ట ఒకటి. ఇంకా వెచ్చగా, ఉండుండి ఉబ్బుతా, తగ్గుతా...

"ఏలుముద్ర అడిగితివి కదప్పా, ఇంద." బొబ్బలెక్కిన బొటనవేలు చాపింది. గీతలన్నీ కాలిపోయినాయి, ముద్ర మిగల్లేదు. "ఇంగ ముప్పైఎనిమిది గుంటలు ఖాళీగా ఉండాయి. యాడ పునాది తీస్తావో తియ్."

ఆదినారాయణ వెనక్కి అడుగేసినాడు. కాలికేదో తగిలింది. గోడ మీది అచ్చులోంచి వచ్చిన సన్నటి పోగొకటి, వాని చీలమండకు రెండు చుట్లు చుట్టుకోని ఉంది.

"కదలొద్దప్పా," అనింది సైదున్నీసా, ముద్ద కలుపుతానే. "తెగిందంటే మా అక్క మళ్ళా అతకాల."